చెప్పే గంట, చేసే గంట

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలోని ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టింది. టీచర్లకిచ్చినవి కూడా కలుపుకుంటే అయిదు లక్షల పైచిలుకు. పాఠాల వీడియోలు ముందే ఎక్కించి ఇచ్చారు గనక ఇంట్లో నెట్ లేకపోయినా పాఠం నడుస్తుంది. చోడవరం చుట్టుపక్కల అది చెరకు నరికే కాలం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు లోడు ట్రాక్టర్లు సాగే రోజులు, పల్లెల్లో బెల్లం పెనాల కింద మంట ఆరని రోజులు. అంతకు ఎనిమిది నెలల ముందే, ఏప్రిల్ 4న, ఈ ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి మారింది. జిల్లా మారినంత తేలిగ్గా బడి మారదు. అయినా ఆ డిసెంబరులో ఒకటి మాత్రం జరిగింది. మాస్టారు పక్కన లేకుండా పాఠం ఒక్కటే పిల్లవాడి వెంట ఇంటికి వెళ్లింది.

పాఠం ఇంటికి వెళ్లిపోతే బడిలో ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబుగా ఈ శతాబ్దంలో బాగా వినిపిస్తున్న పద్ధతే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. పాఠం వినడం, చదవడం ముందురోజు ఇంటి దగ్గర. లెక్క చేయడం, సందేహం అడగడం, ప్రయోగం చేసి చూడడం, తోటివాడితో వాదించడం మర్నాడు బడిలో, మాస్టారి ఎదురుగా. ఇన్నాళ్లూ వినడం బడిలో అయ్యేది, చేయడం హోంవర్కు పేరుతో ఇంటికి పోయేది. ఊరికే కూర్చుని వినేటప్పుడు మాస్టారు తోడుంటారు. లెక్క ఎక్కడో బిగుసుకుపోయి ముందుకు కదలనప్పుడు, రాత్రి ఎనిమిదింటికి, పిల్లవాడి పక్కన ఎవరూ ఉండరు. ఈ వరసను తిరగేద్దామన్నదే ఈ పద్ధతి సారం.

దీన్ని అమెరికా సరుకుగా చూసేవాళ్లున్నారు, ట్యాబుల కొనుగోలు వ్యవహారంగా చూసేవాళ్లూ ఉన్నారు. మాస్టారు ఎదురుగా ఉన్న గంటలో పిల్లవాడు వింటున్నాడా, చేస్తున్నాడా అన్న ప్రశ్న మాత్రం మన బడులకు కొత్తది కాదు. రెండు వందల ఏళ్లలో మనం ఒకసారి ఇటు, ఒకసారి అటు నడిచాం. ఆ నడక ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చూడకుండా రేపటి బడి గురించి మాట్లాడితే మళ్లీ అక్కడే ఆగుతాం.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ తమ తమ జిల్లాల బడుల లెక్క పంపమన్నాడు. అలా పోగైన లెక్కల్లో విశాఖపట్నం జిల్లాకు 914 బడులు కనిపిస్తాయి. చదివే పిల్లలు తొమ్మిది వేలకు పైన, అంటే బడికి సుమారు పదిమంది. ఆ పదిమందిలో ఆడపిల్ల కనిపించడం బహు అరుదు. అంటరానివాళ్లని ఊరవతల ఉంచిన కులాల పిల్లలకు ఆ బడులు నడిచే వీధి అరుగు ఎక్కే దారే లేదు. వీధి బడిని తలుచుకుని మురిసే ముందు ఈ సంగతి చెప్పుకోవడం న్యాయం.

ఇంత చెప్పుకున్నాక, ఆ అరుగు మీద చదువు ఎలా సాగేదో కూడా చూడాలి. అక్కడ తరగతులు లేవు. ఒకడు ఇసకలో వేలితో ఓనమాలు దిద్దుతుంటే, ఇంకొకడు గుణింతంలో ఉంటాడు, మరొకడు తాటాకు మీద లెక్క రాస్తుంటాడు. ఎవడి పాఠం వాడిది. పెద్దపిల్లలు చిన్నవాళ్ల వేలు పట్టుకుని దిద్దిస్తారు, వాళ్లకు నేర్పుతూనే తమది గట్టి చేసుకుంటారు. పంతులుగారు అందరికీ కలిపి ఉపన్యాసం ఇవ్వడమనేది అసలు లేదు. ఆయన కన్ను పిల్లవాడి వేలి మీద ఉంటుంది. పని అంతా ఆయన ముందే జరుగుతుంది.

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదికలో ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు నేర్పే తీరు ప్రశంసించదగ్గదనీ, ఇంగ్లండు దాన్ని అనుసరించడం సబబేననీ అన్నాడు. ఇంగ్లండు అనుసరించిన కథ ఇది. మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, వీధి బడిలో పిల్లలు ఇసకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టాడు. 1797లో దాని మీద లండన్‌లో పుస్తకం వేశాడు. అది మద్రాసు పద్ధతి అనే పేరుతోనే అక్కడ వ్యాపించింది. చోడవరం వైపు అరుగుల మీద కూడా అలవాటైన పనినే దొరలు సముద్రం దాటించారన్నమాట.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఇంకో సంగతి రాశాడు. దాన్ని మనవాళ్లు తక్కువగా తలుచుకుంటారు. పిల్లలు పద్యాలు గడగడా వల్లిస్తారు గానీ అర్థం తెలియదనీ, పుస్తకాల భాష వేరు, మాట్లాడే భాష వేరు కావడమే దానికి కారణమనీ ఆయన గమనించాడు. చెయ్యి పంతులుగారి ముందు ఆడేది, బుద్ధి మాత్రం పుస్తకం గడప దగ్గరే నిలబడిపోయేది. ఈ లోటు వల్ల ఏం జరిగిందో ముందుముందు చూస్తాం.

1854లో వుడ్ తాఖీదు వచ్చింది. ఆ వెనకే సర్కారు గ్రాంటులు, తనిఖీలు, వాచకాలు, తరగతులు. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో మద్రాసు రాజధానిలో పరీక్ష పాసైన పిల్లల సంఖ్యను బట్టి బడికి గ్రాంటు ఇచ్చే ఏర్పాటు నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున పిల్లలు అడిగింది అప్పజెప్పాలి, అప్పజెప్తేనే పంతులుగారి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అలాంటి చోట పిల్లవాడిని ఆలోచించుకోమని వదిలే ధైర్యం ఎవరికి ఉంటుంది? అందరూ ఒకే పేజీలో ఉండాలి, ఒకే ప్రశ్నకు ఒకే జవాబు చెప్పాలి. నల్లబల్ల ముందు నిలబడి ఒకరు చెప్తుంటే బెంచీల మీద నలభైమంది వినే బడి అలా స్థిరపడింది. దీంట్లో మంచి లేకపోలేదు. అరుగు ఎక్కనివ్వని పిల్లలకు ఈ బడి తలుపు, కాస్త ఆలస్యంగానైనా, తెరిచింది. ఆడపిల్లలు వచ్చారు. కానీ చేసే పని ఇంటికి తరలిపోయింది, చెప్పే పని బడిని ఆక్రమించింది. ఇప్పటికీ మనం ఆ ఏర్పాటులోనే కాపురం ఉంటున్నాం.

ఇక్కడ ఉత్తరాంధ్ర చేసిన పెద్ద పని ఒకటుంది. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ గురించి రాసేవాళ్లెవరూ దాని ఊసెత్తరు, అందుకే కాస్త నిలబడి చెప్తాను.

ఇరవయ్యో శతాబ్దం తొలి పదేళ్లలో ఉత్తర సర్కారు బడులకు జె.ఎ. యేట్స్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నాడు. తెలుగు నేర్చుకుంటున్న ఆయనకు తరగతి గదుల్లో ఒక వింత కనిపించింది. పుస్తకంలో ఉన్న తెలుగు వాక్యాన్ని పంతులుగారు మళ్లీ తెలుగులోకే మార్చి చెప్తున్నారు! పిల్లవాడికి తెలిసిన భాషలోనే ఉన్న పుస్తకాన్ని విప్పి చెప్పడానికి పీరియడంతా సరిపోతోంది. యేట్స్ అడిగిన ప్రశ్నలు పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే గిడుగు రామమూర్తినీ, విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ, విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావునూ ఒక్కచోటికి చేర్చాయి. గురజాడ పుట్టిన ఎస్. రాయవరం ఇప్పుడు చోడవరం ఉన్న జిల్లాలోనే ఉంది. యలమంచిలి దగ్గర.

అలా మొదలైన, మాట్లాడే తెలుగులోనే రాయాలన్న వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో వేసి చదువుతాం. గిడుగు మాత్రం ముందు బడిపంతులు. ఆయన పోరు పిల్లవాడి పుస్తకం కోసం. పుస్తకం పిల్లవాడికి తానే చదువుకుంటే అర్థమయ్యేలా ఉండాలి, అప్పుడే పంతులుగారి నోరు అర్థాలు చెప్పే చాకిరీ నుంచి విడుదలవుతుంది, బడిలో అసలు పని మొదలవుతుంది. సవర గిరిజనుల మధ్యకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి ఆయన ఈ మాటను ఆచరించి చూపించాడు. మద్రాసు విశ్వవిద్యాలయం వ్యాసరచనకు గ్రాంథికమే ఉండాలన్న వైపు మొగ్గినప్పుడు గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చాడు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. ఆ వాదంలో వ్యావహారికవాదులు అప్పటికి ఓడిపోయారు. వ్యావహారికం పాఠ్యపుస్తకాల్లో నిలదొక్కుకోవడానికి ఇంకో యాభై ఏళ్లకు పైనే పట్టింది.

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్‌లో ముందు సగం, అంటే పిల్లవాడు తానొక్కడే పాఠం చదువుకుని లేదా విని అర్థం చేసుకునే సగం, మన నేలలో సాధ్యమైందంటే దానికి పునాది వేసినవాళ్లు వీళ్లే. అమెరికాలో ఈ పునాది ప్రశ్న రాలేదు, వాళ్ల పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే వాళ్ల వీడియోలు వచ్చాయి. మనకు వచ్చింది, మళ్లీ వస్తోంది. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. ఇంగ్లీషు మీడియం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ ఎదురు పేజీ విలువ తక్కువ చేయకూడదు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడికి ఆసరా అదే.

1937లో గాంధీజీ వార్ధాలో ప్రతిపాదించిన బేసిక్ విద్య చేతిపనిని బడి నడుమకు తెచ్చింది. కొన్నాళ్లు రాట్నాలు తిరిగాయి, తర్వాత పరీక్షలే గెలిచాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. తెర మీద పాఠం చూసినంతసేపూ బాగానే ఉండేది, తెర ఆగాక ఏం చేయాలన్నది ఆలోచించినవాళ్లు తక్కువ.

ఆలోచించింది 1982 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దేశంలో అలాంటిది మొదటిది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది. పుస్తకాలు ఇంటికి వస్తాయి, చదువుకోవాలి. దగ్గరి ఊళ్లోని అధ్యయన కేంద్రానికి సెలవురోజుల్లో వెళ్లి అర్థం కానిది అడగాలి. పగలు ఆఫీసులో గుమాస్తాగానో, బస్సులో కండక్టరుగానో ఉన్నవాళ్లు రాత్రి చదువుకుని డిగ్రీ తెచ్చుకున్నారు. ఆ పుస్తకాలను తెలుగులో, ఒంటరిగా చదివేవాడికి అర్థమయ్యేలా పాఠం పాఠంగా విడగొట్టి రాయించారు. పాఠం మధ్యమధ్యలో ఆగి నిన్ను నువ్వు పరీక్షించుకోమనే ప్రశ్నలు కూడా పెట్టారు. పాఠం ఇంట్లో, సందేహం కేంద్రంలో అన్న ఏర్పాటు తెలుగునాట పెద్ద ఎత్తున నడిచింది అప్పుడే. బడులు మాత్రం దాని నుంచి ఏమీ నేర్చుకోలేదు. పెద్దవాళ్ల చదువు వేరు, పిల్లల చదువు వేరు అనుకున్నాం.

బడుల వైపు వేరే ప్రయత్నాలు జరిగాయి. 1984లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అదే ఏపీపెప్, చేసి నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, ఊరి పరిసరాలను పాఠంలోకి తేవడం వంటి ఆరు సూత్రాలతో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆ తరం టీచర్లు ఇప్పటికీ ఆ శిక్షణను ప్రేమగా తలుచుకుంటారు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం పాఠాలను కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలా ఒక పట్టిక వేలాడదీశారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే ఆ కార్డు తీసుకుని పని చేసుకుంటాడు. ఒకే టీచరున్న బడికి అది సరిగ్గా సరిపోయింది. వీధి బడిలో ఎవడి పాఠం వాడిది అన్న పాత నీతి, ఈసారి అన్ని కులాల పిల్లలతో, ఆడపిల్లలతో కలిసి తిరిగొచ్చింది.

ఉపవాచకం మాటేమిటి? హైస్కూల్లో తెలుగు వాచకంతో పాటు ఉపవాచకం ఉండేది, పిల్లలు తమంతట తాము చదువుకోవాలి, బడిలో దాని గురించి మాట్లాడుకోవాలి అన్న ఉద్దేశంతో. నిజానికి చాలా బడుల్లో దాన్ని కూడా చదివి వినిపించి, ప్రశ్నజవాబులు రాయించారు. మన చేతిలో ఉన్న తిరగేసిన తరగతిని మనమే మళ్లీ మామూలుగా తిప్పేసుకున్నాం. ఈ నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2011 రాష్ట్ర విద్యాప్రణాళిక తర్వాత వచ్చిన తెలుగు వాచకాలు దీన్ని సరిదిద్దే ప్రయత్నం చేశాయి. పాఠం ముందు విద్యార్థులకు సూచనలని ఉండేది. ముందు పాఠం చదువు, తెలియని మాటల కింద గీత గీయి, వెనకున్న అర్థాల పట్టికలో చూడు, అప్పటికీ తేలకపోతే టీచరును అడుగు అన్న వరసలో. ఇంతకంటే తేటగా ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్‌ను ఎవరు చెప్పగలరు? ట్యాబు లేదు, వీడియో లేదు, ఒక పెన్సిలు చాలు.

అమెరికా కథ ఇక్కడ చెప్పుకోవచ్చు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్, తన ఉపన్యాసాలకు మంచి పేరున్నా పిల్లలకు మూలభావాలు పట్టుబడలేదని తెలుసుకుని, 1991 నుంచి తరగతిలో ఒక ప్రశ్న ఇచ్చి పక్కవాడితో వాదించుకోమనడం మొదలుపెట్టాడు. 2000లో ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పే ముగ్గురు తరగతిని తిరగేయడం గురించి వ్యాసం రాశారు. బడుల్లోకి దీన్ని తెచ్చిన పేరు మాత్రం కొలరాడో కొండల్లోని ఉడ్‌లాండ్ పార్క్ హైస్కూలు రసాయనశాస్త్రం మాస్టర్లు జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్‌లది. ఆ ఊరు దూరం. ఆటల పోటీల కోసం పిల్లలు పాఠాలు వదులుకుని బస్సెక్కి వెళ్లేవాళ్లు. వాళ్ల కోసం 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. చేస్తూ చేస్తూ, పిల్లవాడికి తమ అవసరం పాఠం చెప్పేటప్పటి కంటే పిల్లవాడు ఇరుక్కుపోయినప్పుడే ఎక్కువని వాళ్లకు తట్టింది. దాంతో అందరికీ అదే పద్ధతి పెట్టారు. 2012లో పుస్తకం రాశారు. సల్మాన్ ఖాన్ నడిపిన ఖాన్ అకాడమీ వీడియోలు అప్పటికే లోకమంతా తిరుగుతున్నాయి.

ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి బడికి రాలేని పిల్లలు. చోడవరం వైపు బడి మానేది ఆటల పోటీలకు కాదు. చెరకు నరికేటప్పుడు తమ్ముణ్ని చూసుకోవడానికి, నాట్లకు, ఊరి పండగకు, అమ్మమ్మ గారింటికి. తప్పిపోయిన పాఠం మళ్లీ వినే దారి ఉంటే ఆ పిల్లకు ఎంత మేలు! అయితే ఆ పిల్లకే ఇంట్లో కూర్చుని వీడియో చూసే తీరిక కూడా తక్కువ. బడి మాన్పించిన పనే వీడియో చూడనివ్వకపోతే?

ఇదే ఈ పద్ధతికి గట్టి పరీక్ష. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో కొందరికి తిరగేసిన తరగతి, కొందరికి మామూలు తరగతి పెట్టి పోల్చిన అధ్యయనం 2019లో బయటికొచ్చింది. గణితంలో కొంత మేలు కనబడింది, అది ఎక్కువకాలం నిలవలేదు. ఆ మేలు కూడా ముందే బాగా చదివేవాళ్లకే ఎక్కువ దక్కి, పిల్లల మధ్య తేడా పెరిగింది. అందరూ ఒకే చోట ఉండి, ఒకే తిండి తినే చోటే అలా జరిగితే, ఒకరి ఇంట్లో చదువుకునే గది, ఇంకొకరి ఇంట్లో పొయ్యి పక్కన చాప ఉన్న మన పల్లెల్లో ఆ తేడా ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు.

కరోనా ఆ ఊహను కళ్లముందు పెట్టింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో లింకులు వచ్చాయి. 2017లో కేంద్రం దీక్ష వేదిక తెచ్చాక పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు కనిపించసాగాయి. వాటిని స్కాన్ చేసే ఫోను మాత్రం ఇంట్లో ఒక్కటే, అది నాన్న జేబులో పనికి వెళ్లేది. పాఠం ఇంటికి చేరడం ఒక ఎత్తు, పిల్లకు చేరడం ఇంకో ఎత్తు అని ఆ రెండేళ్లు నేర్పాయి. తర్వాత వచ్చిన ట్యాబులు ఆ లోటును కొంత తీర్చాయి. 2023 డిసెంబరు 21న రెండో విడతను మన్యంలోని చింతపల్లిలో మొదలుపెట్టారు. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. వీడియోలు ఇచ్చిన బైజూస్ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, సర్కారు కూడా మారింది. ఒక కంపెనీ పాఠాల మీద ఆధారపడితే ఏమవుతుందో తెలిసింది. మన టీచర్లు మన యాసలో చెప్పి రికార్డు చేసుకున్న పదినిమిషాల పాఠం అంతకంటే ఎక్కువకాలం బతుకుతుంది.

తిరగేసిన తరగతి మన దగ్గర ఎలా ఉండగలదో ఒక్క పాఠం తీసుకుని చూద్దాం. పదో తరగతి రసాయనశాస్త్రంలో ఆమ్లాలు, క్షారాలు, లవణాలు. మామూలుగా అయితే మాస్టారు లిట్మస్ రంగులు, పీహెచ్ స్కేలు, తటస్థీకరణ సమీకరణం బోర్డు మీద రాస్తారు, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, బిట్లు బట్టీ పడతారు.

చోడవరం పక్క పల్లెలో బెల్లం వండే ఇంటి పిల్లకు ఈ పాఠం పుట్టుకతోనే తెలుసు, పేరే తెలియదు. చెరకు రసం స్వభావతః కాస్త ఆమ్లం, పీహెచ్ అయిదుకు కొంచెం పైన. అలాగే కాచితే ఆ ఆమ్లం చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొడుతుంది, బెల్లం గట్టిపడదు, దిమ్మ కట్టదు. అందుకే పెనంలో సున్నపు నీళ్లు పోస్తారు. ఆమ్లం విరుగుతుంది, మలినాలు మడ్డిగా పైకి తేలతాయి, గరిటెతో తీసి పారబోస్తారు. సున్నం ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది, అనకాపల్లి మార్కెట్లో ధర పడిపోతుంది. వండే తాత వాసన చూసి, రంగు చూసి, పాకం వేళ్ల మధ్య సాగదీసి ఎంత పోయాలో చెప్తాడు. ఆయన పీహెచ్ మీటరు అదే.

ఇప్పుడు పాఠం ఇలా నడిచిందనుకుందాం. ముందురోజు పిల్లలు పుస్తకంలో రెండు పేజీలు చదివి, తెలియని మాటల కింద గీత గీస్తారు. తాతనో నాన్ననో ఒకే ప్రశ్న అడిగి రావాలి: రసంలో సున్నం ఎందుకు పోస్తావు, తక్కువైతే ఏమవుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది? మర్నాడు ల్యాబులో చెరకు రసం, సున్నపు తేట, లిట్మస్, పీహెచ్ కాగితాలు. ఈ పాఠం జూలై, ఆగస్టుల్లో వస్తుంది గనక అప్పటికి పెనాలు వెలగవు, కానీ చెరకు రసం బండి ఊళ్లో ఉంటుంది. నలుగురేసి జట్లు. చుక్క చుక్కగా సున్నపు తేట వేస్తూ రంగు ఎప్పుడు మారిందో రాసుకోవాలి. ఒక జట్టుకు ఎనిమిది చుక్కలు పట్టింది, పక్క జట్టుకు పదిహేను. ఎందుకు? రసం ఎక్కువ పోశారా, తేట పలచనా? వాదన మొదలవుతుంది. అప్పుడు మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ, చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ వంగి అడుగుతారు. సమీకరణం బోర్డు మీదికి చివర్లో వస్తుంది, అప్పటికి అది పిల్లల సమీకరణం అయిపోయి ఉంటుంది. మార్కెట్లో మెరిసే బెల్లం కోసం కలిపే హైడ్రోస్ అనే రసాయనం సంగతి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. అది ఆహార రసాయనం దాకా, ఆరోగ్యం దాకా వెళ్తుంది. ఈ చర్చకు ఏ వీడియో సరిపోదు. తాత చెప్పిన మాట బడిలో సాక్ష్యంగా నిలబడిన పిల్ల ముఖం చూడాలి.

ఇందులో ఇంటి పని ఎంత? రెండు పేజీలు, ఒక ప్రశ్న. అంతకు మించి ఇంటి మీద మోపితే చదువుకునే ఇళ్ల పిల్లలే ముందుకు వెళ్తారని వెస్ట్ పాయింట్ చెప్పింది, కరోనా చెప్పింది. ఆ రెండు పేజీలైనా కుదరని పిల్ల ఉంటుంది. ఆమె కోసం చదివే సగాన్ని కూడా బడిలోనే పెట్టాలని నా గట్టి అభిప్రాయం. పదో తరగతికి మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడుతున్నారు. ఆ గంటల్లో ఇప్పుడు నడిచేది చెప్పిన పాఠం మళ్లీ చెప్పడం, ముఖ్యమైన ప్రశ్నలు అప్పజెప్పించుకోవడం. అదే గంటను రేపటి పాఠం చదువుకోవడానికి, ప్యానెల్ మీద పదినిమిషాల వీడియో చూడడానికి, తెలియనిది రాసి పెట్టుకోవడానికి వాడుకుంటే ఇంటి తేడాలు ఆ గది బయటే ఆగుతాయి. బడి మానిన పిల్ల వచ్చిన రోజున కూడా ఆ గంటలోనే వెనకపడింది అందుకుంటుంది.

ఇంకో చిక్కు హైస్కూల్లో తీరేది కాదు. ఆరో తరగతికి వచ్చేసరికి తెలుగు పేజీ సొంతంగా చదివి సారం చెప్పలేని పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు. వాళ్లకు ముందురోజు పాఠం చదువుకో అనడం అన్యాయం. క్యాంప్‌బెల్ కాలంలో పుస్తకం భాష అడ్డం వచ్చింది, ఇప్పుడు చదవడమే అడ్డం వస్తోంది. అందుకే మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో రోజూ కథల పుస్తకం చేతికిచ్చి చదివించే టీచరే రేపు హైస్కూల్లో తరగతిని తిరగేసేవాళ్లకు మొదటి సాయం చేస్తున్నట్టు. 2025లో మెగా డీఎస్సీ కింద దాదాపు పదహారు వేల పోస్టులు భర్తీ అయ్యాయి. కొత్తగా వచ్చిన ఆ టీచర్లకు ట్యాబు వాడటం నేర్పనక్కర్లేదు. పిల్లవాడు పని చేస్తుంటే పక్కన నిలబడి, చెప్పేయకుండా ఓపిక పట్టడం మాత్రం ఎవరో ఒకరు చేసి చూపించాలి, ఉపన్యాసాలతో నడిచే శిక్షణలో అది ఎప్పటికీ అబ్బదు.

నలభై అయిదు నిమిషాల పీరియడులో చుక్కలు లెక్కపెట్టి, వాదించి, సమీకరణం దాకా రావడం కుదరదు. గాజు సామాను కడిగే టైమే మిగలదు. వారానికి ఒకసారి సైన్సుకు, ఒకసారి లెక్కలకు రెండు పీరియడ్లు కలిపి ఇస్తే చాలు. దానికి అమరావతి నుంచి జీవో రావాల్సిన పనిలేదు. జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు హెడ్మాస్టరు, సైన్సు మాస్టారు, లెక్కల మేడం అరగంట కలిసి కూర్చుంటే అయిపోతుంది.